మన బిడ్డలకు సత్యము చెప్పుదము
హెచ్.ఐ.వి. గురించి సండేస్కూలులోను, యౌవనస్థుల కూటములలోను ఏమి నేర్పాలి?

(రేడియో వర్తమానము)
ధ్యాన భాగములు: నెహెమ్యా 4వ అధ్యాయము, మార్కు 1:40–45



ఈ వేళ మనం ధ్యానించబోయే సంగతి చాలా సంఘాలలో ప్రసంగ పీఠం మీద నుండి వినబడని సంగతి. హెచ్.ఐ.వి. అంటే ఏమిటి, అది మనిషి శరీరాన్ని ఏమి చేస్తుంది, ఆ విషయం మన పిల్లలకు ఎలా చెప్పాలి అన్నదే ఈ దినపు వర్తమానం. "అయ్యగారూ, ఇవి పిల్లల ముందు మాట్లాడే మాటలేనా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. మంచి ప్రశ్నే. అయితే నేను మిమ్మల్ని ఇంకొక ప్రశ్న అడుగుతాను. మనం చెప్పకపోతే పిల్లలు వినకుండా ఉంటారా? వింటారు. తోటి పిల్లల దగ్గర వింటారు. సెల్‌ఫోనులో చూస్తారు. పెద్దవాళ్లు అరుగు మీద గుసగుసలాడుకుంటుంటే చెవి ఒగ్గి వింటారు. అలా విన్నదానిలో సగం నిజం ఉంటుంది, సగం అబద్ధం ఉంటుంది. ఏది ఏదో వారికి తెలియదు.

ఆ అబద్ధాలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది, "ముట్టుకుంటే అంటుకుంటుంది" అనేది. రెండవది, "అది చెడ్డవాళ్లకే వస్తుంది" అనేది. మొదటి అబద్ధం నమ్మిన పిల్లవాడు తోటివాని యెడల కఠినుడవుతాడు. రెండవ అబద్ధం నమ్మిన పిల్లవాడు తన విషయంలో అజాగ్రత్తగా ఉంటాడు. ఈ రెండింటినీ పోగొట్టేది ఒక్కటే, సత్యం. పిల్లలకు భయం నేర్పవద్దు, సత్యం నేర్పండి. ఈ దినం నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క మాటలో ఉంది.

పిల్లలకు నేర్పితే ఏమి జరిగింది?

అమెరికా దేశంలో ఇండియానా రాష్ట్రంలో కొకొమో అనే ఊరు ఉంది. ఆ ఊరిలో ర్యాన్ వైట్ అనే బాలుడు 1971లో జన్మించాడు. అతనికి పుట్టుకతోనే హీమోఫీలియా, అంటే దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు. ఇతరులు దానం చేసిన రక్తం నుండి తయారుచేసిన మందును అతనికి ఎక్కించేవారు. ఆ మందు ద్వారానే హెచ్.ఐ.వి. అతనికి సోకింది. 1984 డిసెంబరులో న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉండగా ఆ సంగతి బయటపడింది. అప్పటికి అతని వయస్సు 13 సంవత్సరాలు. ఆరు నెలలకు మించి బ్రతకడన్నారు.

ఆ బాలుడు కోలుకుని బడికి వెళతానన్నాడు. 1985లో బడివారు రానివ్వలేదు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు అనేకులు వద్దని సంతకాలు చేశారు. అతడు ఇంట్లో కూర్చుని టెలిఫోనులో పాఠాలు విన్నాడు. కోర్టు ద్వారా మరల బడికి వెళ్లినప్పుడు వేరే మరుగుదొడ్డి, వాడి పారవేసే చెంచాలు ఇచ్చారు. చివరకు వారి ఇంటి కిటికీలోంచి తుపాకి గుండు దూసుకువచ్చింది. ప్రియులారా, ఇక్కడ మనం సిగ్గుపడవలసిన మాట ఒకటి ఉంది. దేవుని మందిరంలో సైతం జనం తనతో చేయి కలపలేదని ఆ బాలుడు 1988లో ఆ దేశాధ్యక్షుడు నియమించిన కమిషన్ ముందు చెప్పాడు.

1987లో ఆ కుటుంబం సిసెరో అనే మరొక చిన్న ఊరికి వెళ్లింది. అక్కడి హామిల్టన్ హైట్స్ ఉన్నత పాఠశాల వారు వేరొక పని చేశారు. అతడు రాకముందే విద్యార్థులకు ఆరోగ్యశాఖ వారి చేత హెచ్.ఐ.వి. గురించి పాఠాలు చెప్పించారు. అది ఎలా సోకుతుందో, ఎలా సోకదో విడమరచి చెప్పారు. ఆ పిల్లలు విన్నారు, ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు చెప్పారు. బడి తెరిచిన మొదటి రోజున పిల్లలు భయపడకుండా వచ్చి ర్యాన్‌తో చేతులు కలిపారు. ఆరు నెలలన్న బాలుడు అయిదు సంవత్సరాలకు పైగా జీవించి, 1990 ఏప్రిల్ 8న, 18 ఏళ్ల వయస్సులో కన్నుమూశాడు.

గమనించండి. రెండు ఊళ్లూ ఒకే రాష్ట్రంలోనివే. జనం ఒకే తరహా జనం. రోగం అదే, బాలుడు అతడే. మారినది ఒక్కటే. రెండవ ఊరిలో పిల్లలకు ముందుగా నేర్పారు. పెద్దలు పిల్లలకు నేర్పడం మనకు తెలుసు. అక్కడ పిల్లలే పెద్దలకు నేర్పారు.

అది అమెరికాలో కదా అనకండి. 2003లో మన పొరుగునే ఉన్న కేరళలో హెచ్.ఐ.వి. ఉన్న ఇద్దరు చిన్నపిల్లలను బడిలో చేర్చుకోవడానికి జనం ఒప్పుకోలేదు. అప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ మంత్రిగా ఉన్న సుష్మా స్వరాజ్ గారు అందరూ చూస్తుండగా ఆ పిల్లలను దగ్గరకు తీసుకుని కౌగిలించుకున్నారు. నూరు ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఒక్క కౌగిలి చేసింది.

శరీరంలో ఏమి జరుగుతుంది?

ఇప్పుడు పాఠంలోకి వద్దాం. ఈ పాఠం పిల్లలకు చెప్పాలంటే ముందు మనకు తెలియాలి.

నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించిన సంగతి మీ సండేస్కూలు పిల్లలకు తెలుసు. పని పెద్దది. కట్టేవారు గోడ పొడుగునా ఒకరికొకరు దూరంగా ఉన్నారు. శత్రువు ఎటు నుండి వస్తాడో తెలియదు. అప్పుడు నెహెమ్యా బూర ఊదేవానిని తన ప్రక్కనే ఉంచుకున్నాడు. బూర ఎక్కడ వినబడితే అందరూ అక్కడికి పరుగెత్తి రావాలని ఆజ్ఞ. మన శరీరంలో కూడా దేవుడు ఇలాంటి ఏర్పాటే చేశాడు. చర్మం మన ప్రాకారం. రక్తంలోని తెల్లకణాలు మన కావలివారు. ఆ తెల్లకణాలలో సి.డి.4 కణాలు అనే ఒక జాతి ఉంది. రోగక్రిమి లోపలికి వచ్చిందని తెలియగానే మిగతా కణాలను హెచ్చరించి యుద్ధానికి పిలిచేవి అవే. బూర ఊదేవారు అవే అన్నమాట.

హెచ్.ఐ.వి. ఎంత కుయుక్తి గలదో చూడండి. అది నేరుగా గోడను పడగొట్టదు. బూర ఊదేవానిని పట్టుకుంటుంది. బూర మోగకపోతే ఎంతమంది యోధులున్నా ఏమి లాభం?

ఈ వైరస్ చాలా చిన్నది. ఒక మిల్లీమీటరును పదివేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఉంటుంది. దానంతట అది పెరగలేదు, పిల్లలు పెట్టలేదు. అందుకని సి.డి.4 కణానికి అంటుకుని లోపలికి దూరుతుంది. ప్రతి కణంలో అది ఎలా పనిచేయాలో వ్రాసి ఉన్న పుస్తకం వంటిది ఒకటి ఉంటుంది. దానిని డి.ఎన్.ఏ. అంటారు. వైరస్ తన వ్రాతను ఆ కణం భాషలోకి మార్చి, ఆ పుస్తకంలో ఒక పేజీగా చొప్పిస్తుంది. పాపం, ఆ కణం అది తన సొంత పేజీయే అనుకుని, అందులో వ్రాసినట్లు క్రొత్త వైరస్‌లను తయారుచేయడం మొదలుపెడుతుంది. అవి బయటకు వచ్చి ఇతర కణాల మీద పడతాయి. ఈ పోరాటంలో సి.డి.4 కణాలు నశిస్తాయి.

ఆరోగ్యవంతులైన పెద్దవారి రక్తంలో ఒక ఘనపు మిల్లీమీటరుకు సుమారు 500 నుండి 1500 వరకు సి.డి.4 కణాలు ఉంటాయి. వైరస్ సోకిన రెండు నుండి నాలుగు వారాలలో కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దురులు వస్తాయి. మామూలు జ్వరమే అనుకుంటారు, తగ్గిపోతుంది. కొందరికి అదీ ఉండదు. ఆ తరువాత అనేక సంవత్సరాలు మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. పొలం పనికి వెళతాడు, కాలేజీకి వెళతాడు, పాటల బృందంలో పాడతాడు. లోపల మాత్రం బూర ఊదేవారు ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు. మందు వాడకపోతే దాదాపు ఎనిమిది నుండి పది సంవత్సరాలకు ఆ సంఖ్య 200 కంటే తక్కువకు పడిపోవచ్చు. అప్పుడు వచ్చే స్థితినే ఎయిడ్స్ అంటాము.

కాబట్టి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ ఒకటి కాదు. ఇది పిల్లలు తప్పక తెలుసుకోవలసిన భేదం. హెచ్.ఐ.వి. అనేది వైరస్ పేరు. ఎయిడ్స్ అనేది ఆ వైరస్‌కు వైద్యం చేయకుండా వదిలివేస్తే చివరకు వచ్చే స్థితి. ఆ స్థితిలో, మామూలు మనిషిని ఏమీ చేయలేని క్రిములు కూడా ప్రాణం తీస్తాయి. మన దేశంలో వీటిలో ముందు చెప్పుకోవలసినది క్షయ, అంటే టి.బి. ఇంకా నోటిలో తెల్లని పూత, మానని విరేచనాలు, ఒక రకమైన న్యుమోనియా, మెదడు పొరలకు వచ్చే జబ్బు, మనిషి ఎండిపోవడం. ఎయిడ్స్‌తో చనిపోయాడని మనం అనే మనిషి నిజానికి ఇలాంటి ఒక జబ్బుతో చనిపోతాడు, బూర మోగక, ఎవరూ కాపాడలేక.

ఎలా సోకుతుంది? ఎలా సోకదు?

హెచ్.ఐ.వి. కొన్ని మార్గాల ద్వారానే సోకుతుంది. మొదటిది, వైరస్ ఉన్న వ్యక్తితో రక్షణ లేని లైంగిక సంబంధం. రెండవది, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం, ఒకరికి వాడిన సూదిని, సిరంజిని ఇంకొకరికి వాడడం. మూడవది, తల్లి నుండి బిడ్డకు. గర్భంలో గాని, కాన్పులో గాని, పాల ద్వారా గాని. మన రక్తనిధులలో దానమిచ్చిన ప్రతి రక్తానికి పరీక్ష చేయడం చట్టప్రకారం తప్పనిసరి. రక్తదానం చేసేవారికి క్రొత్త సూదే వాడతారు గనుక రక్తం ఇవ్వడం వలన ఎవరికీ హెచ్.ఐ.వి. సోకదు. యౌవనస్థులారా, ఆ భయంతో రక్తదానం మానవద్దు.

ఇక ఎలా సోకదో వినండి. చేయి కలిపితే సోకదు. కౌగిలించుకుంటే సోకదు. ఒకే కంచంలో తింటే సోకదు. దగ్గు వలన, తుమ్ము వలన, చెమట వలన, కన్నీటి వలన సోకదు. ఒకే మరుగుదొడ్డి వాడితే సోకదు. దోమ కుడితే కూడా సోకదు. ఇది పిల్లలు తప్పకుండా అడుగుతారు, "దోమ రక్తం తాగుతుంది కదా, మరి మలేరియా వస్తుంది కదా?" అని. మలేరియా క్రిమి దోమ శరీరంలో బ్రతికి, పెరిగి, దోమ లాలాజలంలోకి చేరుతుంది. హెచ్.ఐ.వి. అలా కాదు. దోమ కడుపులో అది జీర్ణమై నశిస్తుంది. పైగా దోమ కుట్టేటప్పుడు మనలోకి ఎక్కించేది తన లాలాజలాన్నే గాని, ముందు తాగినవారి రక్తాన్ని కాదు.

సంఘంలో వచ్చే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బయటకు అడగరు, మనసులో ఉంచుకుంటారు. ప్రభువు బల్లలో ఒకే గిన్నెలో త్రాగితే వస్తుందా? రాదు. ఉమ్మి ద్వారా ఈ వైరస్ సోకదు. బాప్తిస్మపు తొట్టిలో వారి తరువాత దిగితే వస్తుందా? రాదు. ఈ వైరస్ నీటి ద్వారా సోకదు, చెక్కు చెదరని చర్మం గుండా లోపలికి పోలేదు. ప్రేమవిందులో వారు వండితే తినవచ్చా? నిరభ్యంతరంగా తినవచ్చు. కాబట్టి హెచ్.ఐ.వి. ఉన్న సహోదరిని వెనుక వరుసలో కూర్చోబెట్టడానికి వైద్యశాస్త్రంలో ఏ కారణమూ లేదు. వాక్యంలో అసలే లేదు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కుష్ఠరోగి వచ్చినప్పుడు ప్రభువు దూరాన నిలువబడి మాటతో బాగుచేయగలిగి యుండి కూడా చెయ్యి చాపి వానిని ముట్టుకున్నాడు. ఎవరూ ముట్టని మనిషికి మొదట కావలసినది ఏమిటో ఆయనకు తెలుసు.

మందు ఉంది, ఆపవద్దు

1981లో అమెరికాలో ఈ రోగం మొదటిసారి వైద్యుల దృష్టికి వచ్చింది. 1983లో పారిస్ నగరంలోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వైరస్‌ను కనుగొన్నారు. 1986లో మన పొరుగున చెన్నైలో డాక్టర్ సునీతి సాల్మన్ గారి బృందం భారతదేశంలో మొట్టమొదట ఈ వైరస్‌ను గుర్తించింది. ఆ తరువాత చాలా ఏళ్లు మన వైద్యుల చేతిలో పేదవానికి అందే మందు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఒకటి. ఆ రోజుల్లో ఎన్ని కుటుంబాలు చెదిరిపోయాయో, ఎంతమంది పిల్లలు తాతమ్మల చేతిలో మిగిలిపోయారో మీలో చాలామందికి తెలుసు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఏ.ఆర్.టి. అనే మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటి నుండి పరిస్థితి మారింది.

ఈ మందులు ఏమి చేస్తాయి? వైరస్ తన వ్రాతను కణం పుస్తకంలోకి ఎక్కించకుండా, క్రొత్త వైరస్‌లు తయారు కాకుండా అడ్డగిస్తాయి. నేడు పెద్దవారిలో ఎక్కువమందికి మూడు మందులు కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకసారి. ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రాలలో ఉచితం. సి.డి.4 సంఖ్య ఎంత ఉన్నా, పరీక్షలో తేలగానే మందు మొదలుపెట్టాలన్నది 2017 నుండి మన దేశంలో అమలులో ఉన్న పద్ధతి. త్వరగా మొదలుపెట్టి క్రమం తప్పకుండా వాడినవారు దాదాపు అందరిలాగే పూర్తి ఆయుష్షు జీవించగలరు. రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉన్నప్పుడు లైంగికంగా అది జీవిత భాగస్వామికి సోకదని పెద్ద పరిశోధనలలో ఋజువైంది. తల్లికి ఏ మందూ ఇవ్వకపోతే నూరుమంది బిడ్డలలో 15 నుండి 45 మందికి వైరస్ సోకే ప్రమాదముంది. తల్లి సక్రమంగా మందు వాడి, బిడ్డకు కూడా మందు ఇస్తే అది నూటికి అయిదు కంటే తక్కువకు తగ్గుతుంది. అందుకే గర్భిణీలందరూ పరీక్ష చేయించుకోవాలి.

అయితే ప్రియ శ్రోతలారా, ఇక్కడ ఒక మాట చాలా జాగ్రత్తగా వినండి. మందు వాడుతున్న వ్యక్తి రక్తంలో వైరస్ కనబడలేదని వచ్చిందంటే వైరస్ పోయిందని కాదు. ఆ చొప్పించిన పేజీ కొన్ని కణాలలో నిద్రపోతూనే ఉంది. మందు మానితే కొద్ది వారాలలోనే అది మరల లేస్తుంది. మధ్యమధ్యలో మానుతూ వాడితే ఆ మందుకు లొంగని వైరస్ తయారవుతుంది. "ప్రార్థన చేశాము, స్వస్థత వచ్చింది, ఇక మాత్రలు పారవేయి" అని ఎవరైనా చెబితే, వారు ఎంత గొప్ప బోధకులైనా సరే, ఆ మాట వినవద్దు. అలా మాని ప్రాణం పోగొట్టుకుంటే ఆ తల్లి పిల్లలను ఎవరు చూస్తారు? హిజ్కియా రాజు మరణకరమైన రోగంలో కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు. ప్రార్థనకు, మందుకు పోటీ లేదు. మోకాళ్లూనండి, మాత్రా వేసుకోండి.

ఏ వయస్సుకు ఏమి చెప్పాలి?

సండేస్కూలు ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా, అంతా ఒకేసారి చెప్పనక్కరలేదు. పాలు త్రాగేవానికి పాలు, అన్నం తినేవానికి అన్నం.

ఆరు నుండి తొమ్మిది ఏళ్ల పిల్లలకు: శరీరం దేవుడిచ్చిన ఆలయమని చెప్పండి. రక్తం ముట్టుకోకూడదని, రోడ్డు మీద పడి ఉన్న సూదులతో ఆడుకోకూడదని, ఎవరికైనా దెబ్బ తగిలితే పెద్దవారిని పిలవాలని చెప్పండి. జబ్బుతో ఉన్న స్నేహితునితో ఆడుకోవచ్చని, వానిని ఎగతాళి చేయకూడదని చెప్పండి. ఎవరైనా తాకరాని చోట తాకితే భయపడక అమ్మకు గాని టీచరుకు గాని చెప్పాలని, 1098 అనే నంబరు పిల్లల సహాయం కోసమే ఉందని చెప్పండి. ఈ వయస్సుకు ఇది చాలు.

పది నుండి పదమూడు ఏళ్లవారికి: నెహెమ్యా గోడ కథతో శరీరంలో జరిగేది చెప్పండి. ఒక ఆట ఆడించండి. పదిమంది పిల్లలు చేతులు పట్టుకుని వలయంగా నిలబడాలి, వారే గోడ. మధ్యలో ఒక చిన్నబిడ్డ, అదే శరీరం. వలయంలో ముగ్గురికి ఈలలు ఇవ్వండి, వారు బూర ఊదేవారు. బయట నుండి ఇద్దరు పిల్లలు క్రిములుగా వచ్చి లోపలికి దూరబోతారు. ఈల వినబడిన చోటికి గోడవారందరూ జరిగి అడ్డుకోవాలి. మొదట క్రిములు గెలవలేవు. తరువాత మీరు వచ్చి నిశ్శబ్దంగా ఒక్కొక్క ఈలను తీసివేయండి. అప్పుడు ఏమి జరుగుతుందో పిల్లలే చూస్తారు. ఆ మీదట ఈలలు తిరిగి ఇచ్చి, "మందు చేసేది ఇదే, బూర ఊదేవారు మరల పెరుగుతారు" అని చెప్పండి. ఆటను ఓటమితో ముగించవద్దు. ఈ వయస్సులోనే ఎలా సోకుతుందో, ఎలా సోకదో రెండు పట్టికలుగా నల్లబల్ల మీద వ్రాయించండి.

పద్నాలుగు దాటినవారికి: సంగతి సూటిగా చెప్పండి. అబ్బాయిలకు ఒక సహోదరుడు, అమ్మాయిలకు ఒక సహోదరి, వీలైతే సంఘంలోని డాక్టరు గాని నర్సు గాని చెబితే మంచిది. వివాహం వరకు పవిత్రతను, వివాహంలో నమ్మకత్వాన్ని మనం బోధిస్తాము. అది వాక్యానుసారం, శరీరానికీ క్షేమం. అయితే కండోమ్ ఈ వైరస్‌ను అడ్డుకోదని కొందరు బోధిస్తుంటారు. అది నిజం కాదు. సరిగా వాడినప్పుడు అది అడ్డుకుంటుంది. పవిత్రతను బోధించడానికి మనకు అబద్ధం సహాయం అవసరం లేదు. మనం ఒక్క అబద్ధం చెప్పామని పిల్లవానికి రేపు తెలిస్తే, మనం చెప్పిన నిజాలను కూడా వాడు నమ్మడు. మత్తు ఇంజెక్షన్ల ప్రమాదం గురించి చెప్పండి. నర్సింగ్ చదువుతున్న మన ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెప్పండి, పనిలో సూది గుచ్చుకుంటే దాచుకోకూడదు. ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా, 72 గంటలు దాటకుండా, ఆసుపత్రిలో చెప్పి మందు మొదలుపెట్టాలి. 28 రోజులు వాడితే వైరస్ సోకకుండా చాలావరకు కాపాడుతుంది. బలాత్కారానికి గురైనవారికి కూడా ఈ మందు ఇస్తారు.

పరీక్ష గురించి కూడా చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రంలో పరీక్ష ఉచితం, ఫలితం రహస్యంగా ఉంచుతారు. సోకిన వెంటనే పరీక్షలో తెలియకపోవచ్చు. కొన్ని వారాలు, ఒక్కొక్కసారి మూడు నెలల వరకు పట్టవచ్చు. కాబట్టి అనుమానముంటే వారు చెప్పిన తేదీకి మరల వెళ్లాలి. 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేసి ఏ సందేహమైనా అడగవచ్చు.

చెప్పేటప్పుడు మరువకూడని సంగతి

ఉపాధ్యాయులారా, ఇప్పుడు చెప్పేది మీ హృదయంలో వ్రాసుకోండి. మన దేశంలో సుమారు 25 లక్షలమంది హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. వారిలో పిల్లలూ ఉన్నారు. మీ తరగతిలో చాప మీద కూర్చుని మీ ముఖంలోకి చూస్తున్న బిడ్డలలో ఒకరు ప్రతి రాత్రి ఆ మాత్ర వేసుకునే బిడ్డ అయ్యుండవచ్చు. ఆ సంగతి మీకు తెలియదు. ఒక్కొక్కసారి ఆ బిడ్డకే ఇంకా పూర్తిగా తెలియదు. ఇంకొక బిడ్డ తండ్రిని దీనివల్ల పోగొట్టుకుని ఉండవచ్చు. మీరు పుర్రె బొమ్మ గీసి "ఎయిడ్స్ అంటే చావు" అని చెబితే ఆ బిడ్డ ఆ రాత్రి ఏమనుకుంటుంది? "ఇది పాపానికి శిక్ష" అని చెబితే పుట్టుకతో వైరస్ వచ్చిన పసిబిడ్డ ఏ పాపం చేసిందని అడిగితే మీ జవాబు ఏమిటి? భర్తకు నమ్మకంగా జీవించి, భర్త ద్వారానే ఈ రోగం పొందిన సహోదరి ఏమి చేసింది? పుట్టుగ్రుడ్డివానిని చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కనే ఒప్పుకోలేదు. మనం ఎందుకు ఒప్పుకోవాలి?

కాబట్టి ఆ గదిలో అలాంటి బిడ్డ ఉందనే తలంపుతోనే ప్రతి మాటా పలకండి. "ఎయిడ్స్ రోగి", "వాళ్లు" అనకండి. "హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు" అనండి. ఏ పిల్లవానినీ, ఏ కుటుంబాన్నీ ఉదాహరణగా చూపించకండి. పాఠం అయ్యాక ఒక బిడ్డ ఒంటరిగా వచ్చి ఏదైనా చెబితే, ఆ మాట మీతోనే ఆగిపోవాలి. ప్రార్థన విన్నపంగా కూడా దానిని సంఘంలో చదవవద్దు. సంఘ కాపరులకు కూడా ఒక మనవి. వివాహానికి ముందు వధూవరులిద్దరూ ఇష్టపూర్వకంగా పరీక్ష చేయించుకోవడం మంచిదే. దానిని ప్రోత్సహించండి. అయితే బలవంతం చేయడం, ఫలితం పదిమందికి తెలియజేయడం తప్పు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరి అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, వారి సంగతి బయటపెట్టకూడదు. బడిలో గాని, ఉద్యోగంలో గాని, ఆసుపత్రిలో గాని ఈ కారణంగా ఎవరినీ త్రోసివేయకూడదు. దేశపు చట్టమే ఇంత చెబుతుండగా, మందిరంలో మన చెయ్యి వెనుకకు పోతే ఎలా?

ప్రియులారా, డిసెంబరు 1వ తేదీని ప్రపంచ ఎయిడ్స్ దినంగా 1988 నుండి జరుపుకుంటున్నారు. అది తరచుగా మన ఆగమన కాలపు ఆదివారాలకు దగ్గరగానే వస్తుంది. ఆ వారంలో ఒక్క గంట ఈ పాఠానికి ఇవ్వండి. మొదట ఉపాధ్యాయులు కూర్చుని నేర్చుకోండి. ఒక డాక్టరును గాని, ఏ.ఆర్.టి. కేంద్రంలోని కౌన్సిలరును గాని పిలవండి. తల్లిదండ్రులకు ముందుగా చెప్పి, వారినీ కూర్చోబెట్టండి. పిల్లలను చీటీల మీద పేరు లేకుండా ప్రశ్నలు వ్రాయమనండి. ఏ ప్రశ్నకూ నవ్వకండి, ఏ ప్రశ్ననూ చింపి పారవేయకండి. తెలియనిది అడిగితే, తెలుసుకుని వచ్చే ఆదివారం చెబుతామనండి, తప్పక చెప్పండి.

అప్పుడు మన సంఘాలలో రెండు కార్యాలు జరుగుతాయి. మన బిడ్డ ఏది క్షేమమో ఏది కాదో తెలిసి నడుచుకుంటాడు. రేపు హెచ్.ఐ.వి. ఉన్న మరొక బిడ్డ మన మందిరపు గుమ్మంలో నిలబడినప్పుడు, పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగానే, మన సండేస్కూలు పిల్లలలో ఎవరో ఒకరు లేచి వెళ్లి, ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని తన ప్రక్కన కూర్చోబెట్టుకుంటారు.

దేవుడు అట్టి జ్ఞానమును, అట్టి ప్రేమను మన బిడ్డలకును మనకును దయచేయును గాక. ఆమేన్.